భూమాత ఆదాయవ్యయాలు

ఉగాదినాడు ఆలయ మండపంలో పంచాంగ శ్రవణం జరిగేటప్పుడు మనమందరం చెవులు రిక్కించి వినే ఘట్టం ఒకటున్నది. మేషాది ద్వాదశ రాశులకు ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని సిద్ధాంతిగారు వరుసగా చదువుతారు. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని వినిపించిందంటే ఆ రాశివారి ముఖం కొంచెం చిన్నబోతుంది. పన్నెండు రాశుల లెక్క చెప్పిన ఆ పంచాంగంలో, అన్ని రాశులవారినీ మోస్తున్న భూమాతకు ఆదాయమెంతో వ్యయమెంతో చెప్పే పుట మాత్రం ఉండదు. గత ముప్పై ఏళ్లకు పైగా కొందరు శాస్త్రజ్ఞులు ఆ పుటను వ్రాసే ప్రయత్నం చేస్తున్నారు. అది గ్రహగతుల ఫలితం కాదు. కొలతల మీద ఆధారపడిన గణితం. ఆ గణితాన్ని మన స్వర్ణముఖి ఒడ్డున నిలబడి అర్థం చేసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

శ్రీకాళహస్తి పంచభూత లింగక్షేత్రాలలో వాయులింగ క్షేత్రం. కంచిలో పృథ్వి, జంబుకేశ్వరంలో జలం, అరుణాచలంలో అగ్ని, ఇక్కడ వాయువు, చిదంబరంలో ఆకాశం. ఈ ఐదింటిలో దేనినీ మనిషి సృష్టించలేడు, వాడుకోగలడు, పాడుచేయగలడు. ఎంతవరకు వాడుకుంటే అవి తిరిగి కోలుకోగలవు అన్నదే ప్రశ్న. ఆకాశాన్ని కొలవడం నా శక్తికి మించిన పని కనుక నేను నీటితో మొదలుపెడతాను.

మా ఊళ్ల నీటి పద్దు

అగస్త్య మహర్షి తపఃఫలంగా పుట్టిందని స్థలపురాణం చెప్పే స్వర్ణముఖి చంద్రగిరి వైపు కొండలలో పుట్టి, తిరుచానూరు పక్కగా, గుడిమల్లం మీదుగా వచ్చి, మన ఆలయం వద్ద ఉత్తరవాహినియై, నాయుడుపేట దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం పొడవు సుమారు 130 కిలోమీటర్లు. గోదావరి, కృష్ణలతో పోలిస్తే చిన్న నది. మంచుకొండల నీరు దీనికి లేదు. వాన కురిస్తేనే పారుతుంది. కురవని నెలల్లో ఇసుక కింద దాగి ఉంటుంది. ఆ ఇసుకలో చెలమ తీసి కడవ నింపుకున్న తరం పెద్దలు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. ఇసుక పొరలో నిలిచిన ఆ నీరే ఊటకాలువలలోకి వచ్చి ఒడ్డు పొలాలకు పారేది. నదికి దూరంగా ఉన్న ఊళ్లకు గొలుసుకట్టు చెరువులుండేవి. పై చెరువు మొరవ పారితే కింది చెరువు నిండేది. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీరు విడవాలి అనేది నీరుగంటి చూసుకునేవాడు. నిండిన నీటిని బట్టి ఆ ఏడు ఎంత ఆయకట్టు సాగుచేయాలో ఊరు నిర్ణయించుకునేది. చెరువులో నీరు కంటికి కనిపిస్తుంది కనుక ఆ నిర్ణయం సులభం.

బావి నీరు అలా కనిపించదు. అయినా కపిలతో తోడిన కాలంలో హద్దు దానంతట అదే ఏర్పడింది. ఒక జత ఎద్దులు పొద్దుటినుండి సాయంత్రం వరకు తోడగలిగినదే ఆ బావి ఖర్చు. నీరు అడుగంటితే ఎద్దులకు విశ్రాంతి దొరికేది, మరునాటికి ఊట ఊరేది. విద్యుత్ మోటారు, ఆపైన లోతైన బోరు వచ్చాక ఆ హద్దు పోయింది. ఇది రైతును తప్పుపట్టే మాట కాదు. చెరువు నిండని ఏడు బోరే ఆ కుటుంబానికి అన్నం పెట్టింది. కాని చిత్తూరు, తిరుపతి జిల్లాలలో చాలా భాగం గట్టి రాతి నేల. పైనున్న మెత్తని శిథిల రాతి పొరలోను, కిందనున్న పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. అది అడుగులేని సముద్రం కాదు, ఏటా వాన నింపే తొట్టి. తొట్టి లోతుకు పోయేకొద్దీ ఇరుకవుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక ఊరిని ఊహించుకోండి. దాని విస్తీర్ణం 1,000 ఎకరాలు. ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,050 లీటర్లు. ఆ లెక్కన ఊరి మీద కురిసినది 364 కోట్ల లీటర్లు. చాలా పెద్ద అంకె! కాని ఇందులో అధిక భాగం ఆవిరైపోతుంది, చెట్టూ చేమా పీల్చుకుంటాయి, కొంత వాగులై పోతుంది. ఇలాంటి రాతి నేలలో భూమిలోకి ఇంకేది నూటికి పది పాళ్లు మించదు. కనుక ఊరి భూగర్భ ఆదాయం సుమారు 36 కోట్ల లీటర్లు. ఇక వ్యయం. వరి ఎకరాకు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి, అంటే సుమారు 48 లక్షల లీటర్లు. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు, సుమారు 20 లక్షల లీటర్లు. రాగికి 350 మిల్లీమీటర్లు చాలు, 14 లక్షల లీటర్లు. పూర్తిగా బోరు నీటితోనే పండించదలిస్తే, 1,000 ఎకరాల ఆ ఊరి ఆదాయం 75 ఎకరాల వరికి సరిపోతుంది. లేదా 180 ఎకరాల వేరుశనగకు. లేదా 250 ఎకరాల రాగికి. త్రాగునీరు, పశువుల నీరు నేనింకా లెక్కలోకి తీసుకోలేదు.

ఆ ఊరివారు 75 ఎకరాలతో ఆగక 100 ఎకరాలు వరి నాటారనుకోండి. అప్పుడు వారికి ఒక ఊరు చాలదు. ఒకటింబావు ఊరి కన్న ఎక్కువే కావాలి. జూన్ 1న కొత్త లెక్క మొదలుపెట్టి రోజూ సమానంగా తోడితే, ఏడాది ఆదాయం మార్చి మొదటికల్లా, దాదాపు మహాశివరాత్రి రోజులకు, అయిపోతుంది. ఆ తరువాత మూడు నెలలు బోరు ఆగిపోతుందా? ఆగదు. నీరు వస్తూనే ఉంటుంది. ఇదే గమనించవలసిన సూక్ష్మం. ఆ నీరు ఈ ఏటి ఆదాయం కాదు, వెనుకటి ఏళ్లలో ఇంకిన మూలధనం. తాతలు దాచిన ధాన్యపు గాదె నుండి తీసుకుంటున్నంతకాలం ఇంట్లో అన్నానికి లోటు తెలియదు. లోటు తెలిసే నాటికి గాదె అడుగు కనిపిస్తుంది. అప్పుడు పక్కవాడి బోరు మన బోరు కన్న వంద అడుగులు లోతుకు పోయి ఉంటుంది, వేసిన అప్పు తీరక ముందే మన బోరు ఎండి ఉంటుంది.

2021 నవంబరు గుర్తున్నది కదా! తిరుపతి వీధులు ఏరులైనవి, కల్యాణి డ్యాము గేట్లెత్తారు, స్వర్ణముఖి రెండు ఒడ్లూ కోసుకుంటూ పారింది, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని చుట్టుపక్కల గ్రామాలు ప్రాణాలు అరచేత పట్టుకున్నవి. అంత వాన కురిసింది కనుక పదేళ్లకు సరిపడా నీరు చేరిందని ఆ రోజుల్లో చాలామంది అనడం విన్నాను. రెండు రోజుల్లో వచ్చిన ధనం రెండు రోజుల్లోనే సముద్రం పాలైతే దానిని ఆదాయంగా వ్రాసుకోలేము. నిలిచి, నిదానంగా ఇంకినదే ఆదాయం. చెరువులూ ఇసుకా చేసే పని ఆ నిలుపుదలే.

రైతులే లెక్కలు వ్రాసిన కథ

పై లెక్క నేను కాగితం మీద ఊహించి చెప్పినది. దానిని నేలమీద చేసి చూపినవారు మన జిల్లాలలోనే ఉన్నారు. రైతులే భూగర్భజలాన్ని నిర్వహించుకునే ఆంధ్రప్రదేశ్ పథకం ఒకటి, ఆంగ్ల అక్షరాలలో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని పిలిచేవారు, 2003 నుండి కొన్నేళ్ల పాటు నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, నెదర్లాండ్స్ ప్రభుత్వం సహాయం చేశాయి. స్థానిక స్వచ్ఛంద సంస్థలు ఊళ్లలో పనిచేశాయి. ఉమ్మడి రాష్ట్రంలోని అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాలను, అంటే కరవు ఎరిగిన ఏడు జిల్లాలను, ఎంచుకున్నారు.

పథకం పద్ధతి చాలా సాదా. ఒక వాగు పరీవాహక ప్రాంతంలోని ఊళ్లను ఒక కుటుంబంగా తీసుకున్నారు. ఊరిలో వానమాపకం పెట్టి రోజువారీ వానను ఒక రైతు వ్రాస్తాడు. ఎంపిక చేసిన బావులలో పదిహేను రోజులకొకసారి నీటిమట్టం కొలుస్తారు. బోరు ఎంత పోస్తున్నదో తెలుసుకోవడానికి డ్రమ్ము నిండేందుకు పట్టే సమయాన్ని గడియారం పట్టుకుని చూస్తారు. ఈ అంకెలన్నీ ఊరి గోడమీద బోర్డులో అందరికీ కనిపించేలా వ్రాస్తారు. స్త్రీలు, పురుషులు కలిసి ఈ కొలతలు నేర్చుకునే బడికి రైతు నీటి పాఠశాల అని పేరు. రబీకి ముందు అందరూ ఒక చోట కూర్చుంటారు. ఈ ఏడు ఇంకినదెంత, ఖరీఫ్‌లో తోడినదెంత, మిగిలినదెంత? ఎవరెవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయదలిచారు, దానికి ఎంత నీరు కావాలి? రెండూ పక్కపక్కన పెట్టి తీసివేస్తే చాలాసార్లు శేషం మైనస్‌లో తేలుతుంది.

అక్కడితో సభ ముగుస్తుంది. వరి వేయవద్దని ఎవరూ ఆజ్ఞాపించరు, జరిమానా లేదు, మోటారు సీలు చేయడం లేదు. లెక్క చూసిన రైతు ఇంటికి వెళ్లి తనే ఆలోచించుకుంటాడు. 2010లో ప్రపంచ బ్యాంకు భారత భూగర్భజలంపై వెలువరించిన నివేదిక ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నది. చాలాచోట్ల రైతులు తమంతట తామే తక్కువ నీటి పంటలవైపు మళ్లారని గుర్తించింది. తరువాతి కాలంలో వెళ్లి చూసిన పరిశోధకులు అంత ఉత్సాహం చూపలేదు. నిధులు ఆగిన తరువాత చాలా ఊళ్లలో కొలతలు సన్నగిల్లాయనీ, మార్పు అన్నిచోట్ల ఒకేలా లేదనీ వారు వ్రాశారు. రెండు మాటలూ నిజమే కావచ్చునని నా అభిప్రాయం. జమాఖర్చులు వ్రాయడం మానిన దుకాణం వెంటనే దివాళా తీయదు, కాని ఎప్పుడు తీస్తుందో యజమానికి తెలియకుండా పోతుంది.

ప్రభుత్వం చేసే లెక్క కూడా ఇదే తీరు. కేంద్ర భూగర్భజల మండలి, రాష్ట్ర భూగర్భజల శాఖ కలిసి మండలాలవారీగా ఏటా ఇంకే నీటిలో తీసుకోదగినదెంత, తీసుకుంటున్నదెంత అని శాతంలో చెబుతాయి. 70 శాతం లోపు సురక్షితం. 70 నుండి 90 వరకు పాక్షిక సంక్లిష్టం. 90 నుండి 100 వరకు సంక్లిష్టం. 100 దాటితే అతివినియోగం. 2024 అంచనా ప్రకారం దేశం మొత్తానికి ఈ అంకె సుమారు 60 శాతం. ఈ సగటు చూసి ధైర్యపడరాదు. ఒక కాలు నిప్పుల మీద, ఒక కాలు మంచు మీద ఉన్నవాడి సగటు ఉష్ణోగ్రత హాయిగానే ఉంటుంది. నీటి లెక్క దేశానికి కాదు, ఊరికి, వాగుకు వేయాలి. ఇందుకు మనకు చట్టం కూడా ఉన్నది: 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం. వాల్టా అంటే బోరు అనుమతి కాగితం అని మాత్రమే మనలో చాలామందికి తెలుసు.

ఊరి నుండి భూగోళానికి

ఊరికి వేసిన ఈ లెక్కనే భూమండలానికంతటికీ వేయవచ్చునా అని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం రీస్ అనే ఆచార్యుడు, ఆయన శిష్యుడు మాథిస్ వాకర్‌నాగెల్ 1990ల ఆరంభంలో ఆలోచించారు. వారు నీటికి బదులు నేలను కొలమానంగా తీసుకున్నారు. మనిషి తినే తిండికి పొలం కావాలి, పాలకూ మాంసానికీ పచ్చిక కావాలి, చేపకు జలాశయం, కలపకు కాగితానికి అడవి, ఇంటికీ రోడ్డుకూ స్థలం కావాలి. ఇవిగాక మనం బొగ్గు, పెట్రోలు కాల్చి వదిలే బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవడానికి ఎంత అడవి అవసరమో అదీ కావాలి. ఈ ఆరింటినీ కలిపితే వచ్చేది ఆ మనిషి, లేక ఆ దేశపు పర్యావరణ పాదముద్ర. భూమిలో ఏటా ఫలించగల శక్తి జైవ సామర్థ్యం. మొదటిది వ్యయం, రెండవది ఆదాయం. నెల్లూరు మాగాణి ఎకరం, అనంతపురం మెట్ట ఎకరం ఒకటి కావు కనుక, ప్రపంచ సగటు ఫలసాయమున్న హెక్టారును ప్రమాణంగా పెట్టుకున్నారు. దానిని గ్లోబల్ హెక్టారు అంటారు. 1996లో వారిద్దరి పుస్తకం వచ్చింది. 2003 నుండి గ్లోబల్ ఫుట్‌ప్రింట్ నెట్‌వర్క్ అనే సంస్థ ఈ పద్దును నిర్వహిస్తున్నది.

ఆ పద్దు చెప్పేదేమంటే, 1970ల ఆరంభం వరకు మానవాళి భూమి ఆదాయంలోనే బ్రతికింది. అప్పటినుండి వ్యయం మించుతూ వచ్చింది. మన ఊహా గ్రామానికి మార్చిలో ఆదాయం అయిపోయినట్లే, జనవరి 1న మొదలుపెట్టిన భూమి ఆదాయం ఏ రోజుకు అయిపోతుందో ప్రతి సంవత్సరం ప్రకటిస్తారు. 2019లో అది జూలై 29. 2020లో కరోనా వలన రైళ్లు, విమానాలు, కర్మాగారాలు ఆగిపోయి, మన ఆలయాల తలుపులు కూడా మూసుకున్న ఏడు, ఆగస్టు 22. లోకమంతా స్తంభిస్తే దొరికిన వెసులుబాటు మూడు వారాలకు కొంచెం పైన. 2025లో ఆ రోజు జూలై 24గా ప్రకటించారు. మానవాళి ఇప్పుడు సుమారు 1.8 భూములకు సరిపడా ఖర్చు చేస్తున్నదని దాని అర్థం.

ఇక్కడ మన దేశం స్థితి విచిత్రమైనది. ప్రపంచంలో తలకు దక్కే జైవ సామర్థ్యం సుమారు ఒకటిన్నర గ్లోబల్ హెక్టార్లు. సగటు భారతీయుడి పాదముద్ర ఒకటి, లేదా అంతకు కొంచెం ఎక్కువ. అంటే లోకమంతా మనలాగా జీవిస్తే ఒక్క భూమి సరిపోతుంది. అమెరికావారిలా జీవిస్తే ఐదు భూములు కావాలి. ఈ మాట వినగానే మనలో కొందరికి గర్వం కలుగుతుంది. కాని పద్దులో మరో గడి కూడా ఉన్నది. మన దేశపు నేల తలకు ఇవ్వగలిగిన సామర్థ్యం అర హెక్టారు కూడా లేదు. ఆస్తి చిన్నది, కుటుంబం పెద్దది. పొదుపుగా తింటున్నా మనం మన ఆదాయానికి రెండింతలకు మించి ఖర్చు చేస్తున్నాము. అదీగాక సగటు అనే మాట వెనుక ఎవరెవరున్నారో కూడా చూడాలి. ఏసీ కారులో దర్శనానికి వచ్చిన వారి పాదముద్రా, పాదయాత్రగా వచ్చి మండపంలో నిద్రించే కూలి దంపతుల పాదముద్రా కలిపి రెండుతో భాగిస్తే వచ్చే అంకె ఇద్దరిలో ఎవరినీ చూపదు.

ఈ కొలమానానికి లోపాలున్నవి. పాదముద్రలో సుమారు అరవై శాతం బొగ్గుపులుసు వాయువుదే. దానిని అడవి ఎకరాలుగా మార్చడం ఒక ఊహ మాత్రమేననీ, ఆ భాగం తీసివేస్తే మిగిలిన ఐదింటిలో లోటే కనిపించదనీ 2013లో కొందరు శాస్త్రజ్ఞులు గట్టిగా విమర్శించారు. ఆ విమర్శ నాకు సబబుగానే తోస్తున్నది. పైగా మనం ఇంతసేపు చెప్పుకున్న భూగర్భజలం ఈ పద్దులో లేనే లేదు. రసాయన కాలుష్యం లేదు. నేల సారం క్షీణించడం లేదు. అయినా పుట్టెడు ధాన్యాన్ని చేతి అంచనాతో చెప్పే రైతు మాట గింజ గింజకూ సరిపోకపోవచ్చు. గాదె సగం ఖాళీ అయినదని చెప్పడానికి అది చాలు.

వాయువును కొలిచిన విధం

గాలికి చొరవలేని గర్భాలయంలో ఒక దీపశిఖ మాత్రం ఎవరో ఊదినట్లు రెపరెపలాడుతూ ఉండడాన్ని మన క్షేత్రంలో భక్తులు దర్శించి పులకిస్తారు. కంటికి కనిపించని వాయుదేవుని ఉనికిని కనిపించే జ్వాల ద్వారా తెలుసుకుంటాము. 1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రజ్ఞుడు హవాయి ద్వీపంలోని మౌనా లోవా పర్వతం మీద ఒక పరికరం పెట్టి గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొలవడం ప్రారంభించాడు. అప్పుడు పది లక్షల గాలి అణువులలో ఆ వాయువు అణువులు సుమారు 315. ఏడాది తిరిగేసరికి ఆయనకు ఒక అద్భుతం కనిపించింది. గీత తిన్నగా లేదు. మే నెల వరకు పైకి లేచి, ఆపైన సెప్టెంబరు, అక్టోబరు వరకు కిందికి దిగుతున్నది. ఉత్తరార్ధగోళంలోని అడవులు చిగిర్చినప్పుడు ఆ వాయువును పీల్చుకుంటాయి, ఆకు రాలినప్పుడు వదులుతాయి. అంటే ఆ గీత భూమి ఉచ్ఛ్వాస నిశ్వాసలు. ప్రాణవాయువును దైవంగా కొలిచే క్షేత్రంలో ఉన్న మనకు ఈ సంగతి తెలిసినప్పుడు చేతులు జోడించాలనిపిస్తుంది. నాకైతే అనిపించింది.

రెండవ సంగతి అంత ఆనందకరం కాదు. ప్రతి శ్వాసకూ ఆ గీత వెనుకటి ఏటి కన్న కొంచెం ఎత్తున నిలుస్తున్నది. యంత్రయుగానికి ముందు 280 ఉండినది ఇప్పుడు 420 దాటినది. 2009లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ కేంద్రానికి చెందిన యోహాన్ రాక్‌స్ట్రామ్, ఆయన సహచరులు భూమి తట్టుకోగల హద్దులు తొమ్మిది ఉన్నవని ప్రతిపాదించారు. ఈ వాయువుకు వారు గీసిన హద్దు 350. అది 1980ల చివరిలోనే దాటిపోయింది. వాతావరణంతోపాటు జీవజాతుల మనుగడ, అడవుల విస్తీర్ణం, మంచినీరు, ఎరువుల నత్రజని, భాస్వరం, ప్లాస్టిక్ వంటి కొత్త పదార్థాలు, ఈ ఆరు హద్దులూ దాటామని 2023 అధ్యయనం తేల్చింది. 2025లో సముద్రజలం ఆమ్లీకరణం ఏడవదైనది. మిగిలినవి రెండు: గాలిలోని ధూళికణాలు, ఓజోన్ పొర. ఇందులో ఓజోన్ కథ ప్రత్యేకంగా చెప్పదగినది. 1987లో మాంట్రియల్ నగరంలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ పొరను తినివేసే శీతలీకరణ రసాయనాలను లోకదేశాలు క్రమంగా మానివేశాయి. మనదేశం 1992లో చేరింది. పొర నెమ్మదిగా పూడుకుంటున్నది. వాయువు విషయంలో మానవుడు ఒకసారి కొలిచి, హద్దు తెలుసుకుని, వెనుకకు అడుగు వేసిన సందర్భం కలదు.

కలంకారీ వస్త్రంలో దాగిన నది

తొమ్మిది హద్దులు, గ్లోబల్ హెక్టార్లు దూరపు మాటలుగా తోస్తే, మన పట్టణపు కలంకారీ గుడ్డను చేతిలోకి తీసుకోండి. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారి వంటి కళాకారుల వలన ఈ ఊరి పేరు ప్రపంచమంతా వినిపించింది. నేత గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రావణంలో తడిపి ఎండబెడతారు. బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టిన నల్లని కసిముతో వెదురు కలం పట్టి గీతలు గీస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక నీరు అద్దుతారు. ఆ తరువాత పారే నీటిలో గుడ్డను జాడించాలి. నిలిచిన నీటిలో జాడిస్తే అదనపు పటిక పక్కకు వ్యాపించి, మరుగు తొట్టిలో వేసినప్పుడు ఎరుపు గీత దాటుతుంది. శివుని జటాజూటం రంగు మొగం మీదికి వస్తుంది. అందుకే ఈ విద్య స్వర్ణముఖి ఒడ్డున వెలసింది. నది పారని నెలల్లో ఇప్పుడు ఈ పనికి బోరు నీరు కావలసి వస్తున్నది. అంటే నది చేసిన పనిని భూగర్భ మూలధనం నుండి కొంటున్నాము.

ఇందులో రసాయన రంగు లేదు, యంత్రం లేదు. అయినా పాదముద్ర లేదనలేము. మరిగించడానికి కట్టెలు కావాలి. గుడ్డకు పత్తి కావాలి. 2002లో నెదర్లాండ్స్ ఆచార్యుడు ఆర్యెన్ హోక్‌స్ట్రా వస్తువులలో దాగిన నీటిని లెక్కించే పద్ధతి ఒకటి తెచ్చాడు. ప్రపంచ సగటున ఒక నూలు చొక్కాకు, పత్తి విత్తనం నుండి దుకాణం వరకు, సుమారు 2,500 లీటర్ల నీరు పడుతుంది. కిలో బియ్యానికీ దాదాపు అంతే. కనుక ఖర్చు లేని జీవనం ఉండదు. ఒక కలంకారీ చీరను ఇరవై ఏళ్లు కట్టి, ఆపైన దేవుని గదికి తెరగా వాడే ఇల్లాలి పద్దు వేరు, ఒక పండుగకు కొని రెండవ పండుగకు పారవేసే వారి పద్దు వేరు.

మన పూర్వులకు ఈ గణితమంతా తెలుసునని నేననను. అలా అనడం వారికి గౌరవం కాదు. వారికి తెలిసినది వేరొకటి: పుట్టిన ప్రతివాడూ ఋణంతో పుడతాడని. దేవ, ఋషి, పితృ, మనుష్య, భూత యజ్ఞాలని నిత్యం చేయవలసినవి ఐదు చెప్పారు. ఇందులో భూతయజ్ఞమంటే తాను తినే ముందు పశుపక్ష్యాదులకు భాగం తీయడం. మూలంలో దాని పరిమాణం ఒక పిడికెడు. తిన్నడు స్వర్ణముఖి నుండి స్వామి అభిషేకానికి నోటినిండా నీరు తెచ్చాడు. అదీ ఒక కొలతే. ఆనాటి జనసంఖ్యకు, ఆనాటి పనిముట్లకు ఆ పిడికెళ్లు సరిపోయాయి. వెయ్యి అడుగుల బోరు చేతికి వచ్చిన తరానికి ఋణమెంతో అంకెలలో తెలియవలసి ఉన్నది.

అందుకు పెద్ద పరికరాలు అక్కరలేదు. వాడుకలో ఉన్నదైనా లేనిదైనా మీ ఊరిలో ఒక పాతబావిని ఎంచుకోండి. తాడుకు రాయి కట్టి, బావి ఒరనుండి నీటి వరకు ఎంత లోతున్నదో ఏటా మే నెల చివర ఒకసారి, ఈశాన్య ఋతుపవనాలు ముగిసిన డిసెంబరు చివర ఒకసారి కొలవండి. కొలిచే ముందు పక్క మోటార్లు ఒక పూట ఆగి ఉండాలి, లేకుంటే మట్టం తప్పు చూపుతుంది. రాతి నేలలో నీరు ఒక మీటరు పైకి లేచిందంటే ఎకరాకు చేరినది సుమారు 60,000 లీటర్లు మాత్రమే, ఎందుకంటే ఆ పొరలో నూటికి ఒకటిన్నర వంతు మాత్రమే నీటికి చోటు. ఈ లెక్కన ఒక ఎకరం వరికి పట్టే నీరు, 80 ఎకరాల కింద ఒక మీటరు మట్టం. ఈ రెండు కొలతలనూ తేదీతో సహా పంచాంగం చివరి ఖాళీ పుటలో వ్రాసి ఉంచండి. వచ్చే ఏటి మే కొలత, ఈ ఏటి మే కొలతకన్న లోతుగా ఉన్నదా, పైన ఉన్నదా అన్నది చూస్తే ఆ ఊరి ఆదాయవ్యయాలు తెలిసిపోతాయి. బడిపిల్లలకు ఈ పని అప్పగిస్తే ఎంతో సంతోషంగా చేస్తారు. తాడు జారిపోకుండా ఒక పెద్దవారు మాత్రం పక్కన నిలబడాలి.